ఎర్రబోరు డాక్ మనిషికి నేను చెప్పని మాట

మా ఇంటికి వచ్చే కుర్ర ఫార్మసిస్టులు, నర్సమ్మలు నన్ను ఎప్పుడూ ఒకటే అడుగుతారు: "తాతగారూ, ఆ రోజుల్లో ఎంతమందిని బతికించారు?" ఏం చెప్పను నాయనా! మందు బతికించిందో, వాళ్ల ఆయుష్షే బతికించిందో నాకు ఈనాటికీ తెలియదు. కానీ ఒక మనిషికి నేనేం చేశానో మాత్రం బాగా తెలుసు. ఆ సంగతిలో ఎవరూ చావలేదు. నా ఉద్యోగం పోలేదు. నన్నెవరూ పల్లెత్తు మాట అనలేదు కూడా. అయినా తలుచుకుంటే ఈ వయసులోనూ గుండె దడదడలాడుతుంది. అదే చెబుతాను, వినండి.

ముందు నా సంగతి. నేను పుట్టు పిరికివాణ్ణి. మందు సీసా తీసేటప్పుడు ఒకసారి, వంచేటప్పుడు ఒకసారి, తిరిగి పెట్టేటప్పుడు ఒకసారి దాని మీది చీటీ చదివేవాణ్ణి. ఆస్పత్రికి తాళం వేసి, సగం దారి పోయి, వెనక్కి వచ్చి తాళం లాగి చూసేవాణ్ణి. "తాళానికి మీరు కాపలానా, మీకు తాళం కాపలానా?" అని మా ఆవిడ ఎగతాళి చేసేది. ఇలాంటి మనిషి జీవితంలో ఒకే ఒక్కసారి ధైర్యంగా మాట్లాడాడు. ఖర్మ కాకపోతే, ఆ ఒక్కసారే తప్పు కావాలా?

బస్తర్ ఇంకా సంస్థానంగా ఉన్న చివరి సంవత్సరాలవి. మాది భద్రాచలం దగ్గర ఒక పల్లె. కాంపౌండరు పని నేర్చుకుని శబరి ఒడ్డున కోంటాలో చేరాను. రెండు గదుల పెంకుటిల్లు, అదే ఆస్పత్రి. మందు కలిపేది నేను, కట్టు కట్టేది నేను, ఊడ్చేది కూడా నేనే. డాక్టరు జగదల్‌పూర్ నుంచి నెలకోసారి లారీలో వచ్చేవాడు, వానాకాలమైతే అదీ లేదు. ఆయనది ఉత్తరాది, హిందీ తప్ప రాదు. వచ్చే జనానిది దోర్లీ, గోండీ, కొంతమందిది తెలుగు. అందుకని ఆయన మాట వీళ్లకూ, వీళ్ల మాట ఆయనకూ చేరవేయడం నా ఉద్యోగంలో సగం భాగం. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, నా పాపమంతా అందులోనే ఉంది.

మా వీధి చివర, ఎర్రబోరు దారి మొదలయ్యే చోట డాక్ మోసే మనిషి ఇల్లు ఉండేది. దోర్ల తెగ మనిషి, నాకంటే ఆరేడేళ్లు పెద్ద. పొద్దున్నే టపా సంచీ భుజానికేసుకుని, గజ్జెలు కట్టిన బరిసె చేతబట్టి ఎర్రబోరుకు పరుగెత్తేవాడు. అవతల నుంచి వచ్చిన మనిషికి ఆ సంచీ ఇచ్చి, అతను తెచ్చిన సంచీ తీసుకుని మధ్యాహ్నానికి తిరిగి వచ్చేవాడు. వాళ్లలో ఒక పద్ధతి ఉండేది. సంచీ పుచ్చుకునేవాడు గట్టిగా "ముట్టింది" అనాలి. ఆ మాట చెవిన పడేదాకా ఇచ్చేవాడు పట్టు వదలడు. ఇది ఏ సర్కారు కాగితంలోనూ లేదు, వాళ్లలో వాళ్లు పెట్టుకున్నది.

మధ్యాహ్నం గజ్జెలు వినబడగానే అతని భార్య చెంబుతో నీళ్లు తెచ్చి గడప మీద పెట్టేది. నేను ఆస్పత్రి తలుపు మూసేవాణ్ణి. ఊళ్లో సగం మందికి అదే గడియారం.

అతని జబ్బును నేను ముందు చెవితో పట్టుకున్నాను. ఆ వానాకాలం గజ్జెల తీరు మారింది. మునుపు ఒకే వరసన మోగేవి. ఇప్పుడు ఒకసారి మోగి, కాస్త ఆగి, మళ్లీ మోగుతున్నాయి. వాకిట్లో నిలబడి చూశాను. ఎడమకాలు ఈడుస్తున్నాడు.

"ఏందన్నా, ముల్లు గుచ్చుకుందా?"

"ముల్లైతే తీసేద్దును బాబూ. నా కాలు నా మాట ఇంటలేదు. ఎండెక్కినంక ఉరికితే మొద్దులెక్క బరువైతది. వాగుల నడుం దాక కూసుంటే మళ్ల నా కాలు నాకొస్తది."

"ఎన్నాళ్ల నుంచి?"

"కాలు ఈ మధ్యనే. నిరుడు ఎండకాలం కుడికన్ను మబ్బైంది, ఇరవై దినాలు. మా వడ్డె పూజ జేసిండు, పోయింది."

వడ్డె అంటే వాళ్ల పూజారి. కన్నుకీ కాలుకీ సంబంధం ఉంటుందని నాకు తట్టలేదు. వాతం అనుకుని రుద్దుకోవడానికి తైలం ఇచ్చాను. పైగా చన్నీళ్లలో కూర్చుంటే తగ్గే జబ్బు పెద్ద జబ్బు కాదని లోలోపల సంతోషించాను కూడా. ఏం తెలివి!

డాక్‌బాబు, అంటే మా ఊరి పోస్టుమాస్టరు, మంచివాడు. అతని నడక చూసి, ఊరి బయట అడవి నాకాలో, అంటే కట్టెలు తనిఖీ చేసే గేటు దగ్గర, మనిషి కావాలంటే అక్కడివాళ్లతో మాట్లాడి పెట్టాడు. పాక నీడలో కూర్చుని, బండ్లు వచ్చినప్పుడు అడ్డంగా ఉన్న వెదురు గడ ఎత్తి దించడమే పని. డాక్ మనిషికి అది ససేమిరా ఇష్టం లేదు.

"ఆడ కూసుంటే మా వాళ్ల కట్టెల మోపులు నేనే ఆపాలె బాబూ. పగలు మోపు గుంజుకుని, పొద్దుగూకినంక ఆళ్లింట్ల అంబలి ఎట్ల తాగుత? నాకు ఉరుకుడే మంచిగుంటది."

మరునాడు అతని భార్య ఆస్పత్రికి వచ్చింది. జనమంతా పోయేదాకా అరుగు మీద కూర్చుని, అప్పుడు లేచింది.

"బాబూ, ఆయన నీ మాట ఇంటడు. నాకాల కూసొమ్మని చెప్పు."

"అంత భయమెందుకు వదినా?"

"నువ్వు ముంగట నుంచి జూస్తవు, ఆయన పోతుంటే నేను ఎనక నుంచి జూస్త. కూసున్న కాడల్ల కాలు గిల్లి జూసుకుంటుండు. ఆయనకు నొప్పి తెల్వట్లే. ఆయన కూలబడితే మా గతి ఏంది?"

డాక్టరు వస్తాడు, ఆయన ఏం చెబితే అది చెబుతానని మాట ఇచ్చాను. ఏం చెబితే అది! అవే మాటలు అన్నాను, నాకు బాగా గుర్తుంది.

వానలు వెనకబట్టాక డాక్టరు వచ్చాడు. డాక్ మనిషిని బల్ల మీద పడుకోబెట్టి మోకాళ్ల మీద తట్టాడు. జేబులోంచి తాళంచెవి తీసి అరికాలు గీశాడు. బొటనవేలు కిందికి ముడుచుకోవాల్సింది పోయి పైకి లేచింది. డాక్టరు మొహం వెలిగిపోయింది. కన్ను సంగతి అడగమన్నాడు. నేను అడిగి చెప్పాను. అంతే, ట్రంకులోంచి ఇటుకరాయంత పుస్తకం తీసి గబగబా పేజీలు తిప్పాడు. పక్కవాడి కాలు పడిపోతుంటే మనిషి అంత సంబరపడటం నేనెప్పుడూ చూడలేదు. ఆయనని తప్పుబట్టను, ఎక్కడా కనపడని జబ్బు కనపడితే డాక్టర్లకు అలాగే ఉంటుంది కాబోలు.

ఈ రోజుల్లో మీరు మల్టిపుల్ స్క్లెరోసిస్ అంటున్నారే, ఆ జబ్బన్నమాట. నరాల మీది పొర అక్కడక్కడా చెడిపోతుంది. కన్ను ఒకసారి, కాలు ఒకసారి, పోతుంది, వస్తుంది. చలిదేశాల్లో చాలామందికి ఉంటుందనీ, మన దగ్గర లేనే లేదనీ ఆ పుస్తకంలో రాసి ఉందట. డాక్టరు అంతకుముందు ఒకే ఒక్కరిలో చూశాడు. జగదల్‌పూర్‌లో బడి నడిపే ఒక తెల్లదొరసాని.

ఆయన హిందీలో చెప్పింది ఇది. "ఇది వస్తుంది, పోతుంది. దొరసానికి పన్నెండేళ్లుగా ఉంది, చేతికర్ర పట్టుకుని నడుస్తోంది, బడి నడుపుతోంది. చాలా నెమ్మది జబ్బు. భయపడొద్దని చెప్పు." అని చేతులు కడుక్కోవడానికి లేచాడు. నేను నీళ్లు పోస్తుంటే మళ్లీ అన్నాడు. "కానీ నేను చూసింది ఆమెను ఒక్కదాన్నే. ఆమె పుట్టింది వేరే దేశంలో. ఈ పుస్తకం రాసినవాళ్లు కూడా వాళ్ల జనాన్ని చూసే రాశారు. ఈ నేల మీద, ఈ మనుషుల్లో ఇది ఎలా నడుస్తుందో నాకు తెలియదు. కూర్చునే పని దొరికితే వదలొద్దని చెప్పు."

నేను డాక్ మనిషి దగ్గరికి వెళ్లాను. మొదటి సగం చెప్పాను. దొరసాని సంగతి, పన్నెండేళ్ల సంగతి, భయం లేదన్న సంగతి. అతను బల్ల మీద లేచి కూర్చున్నాడు. ఆ మొహం చూడాలి మీరు.

"అంటే ఉరకొచ్చా బాబూ?"

రెండో సగం నా నాలుక మీదే ఉంది. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఈ యాభై ఏళ్లలో ఎన్ని రకాలుగా ఆలోచించానో లెక్కలేదు. నాకు డాక్టరు 'తెలియదు' అనడం నచ్చలేదు. డాక్టరు తెలియదంటాడని రోగికి ఎలా చెప్పడం? అదొకటి. ఇంకోటి, పొద్దున లేస్తే భయాలు మోసే నా బతుకులో ఒక మనిషికి నిక్షేపంలాంటి మంచివార్త చెప్పే అవకాశం దొరికింది. దాన్ని పాడుచేసుకోబుద్ధి కాలేదు. నిజం అదే. అతని కోసం కాదు, నా కోసం.

"ఉరకన్నా. నీకేం కాదు," అన్నాను.

డాక్టరు చేతులు తుడుచుకుంటూ అడిగాడు. "బోల్ దియా?"

"జీ సాబ్. సబ్ బోల్ దియా." అంతా చెప్పేశానన్నాను.

నాకాలో ఇంకో మనిషి చేరిపోయాడు. డాక్ మనిషి భార్య దారిలో కనబడి, "డాక్టరే గంత గట్టిగ చెప్పిండంటే ఇంకేం బాబూ, నేనే ఊకె భయపడ్డ," అని నవ్వింది. నేనూ నవ్వాను.

చలికాలంలో అతని కాలు పూర్తిగా బాగైంది. గజ్జెలు మళ్లీ ఒకే వరసలో మోగాయి. నేను డాక్‌బాబు దగ్గర గొప్పలు కూడా పోయాను, "చూశారా, మా డాక్టరు చెప్పినట్టే అయింది" అని. కానీ మధ్యాహ్నం అయ్యేసరికి నా చెయ్యి ఆగిపోయేది. మందు వంచుతూ వంచుతూ చెవులు రిక్కించేవాణ్ణి. గజ్జెలు వినబడితే హమ్మయ్య అనుకుని మిగతాది వంచేవాణ్ణి. రోజూ ఇదే వరస. తాళం లాగి చూసినట్టే అనుకోండి, కాకపోతే ఈ తాళం నేను వేయలేదని నాకు తెలుసు.

ఇప్పపూల కాలం అయిపోయి తునికాకు కోత మొదలైన రోజులు. ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆ రోజు గజ్జెలు రాలేదు. అరుగు నీడ మొదటి మెట్టు దాటింది, రెండో మెట్టు దాటింది. ఎర్రబోరులో అవతలి డాక్ ఆలస్యమైందేమో అనుకున్నాను. వాగులో కూర్చున్నాడేమో అనుకున్నాను. నీడ మూడో మెట్టు మీదికి వచ్చేసరికి మందు సీసాకి మూత పెట్టేశాను. సొరబుర్రలో నీళ్లు నింపుకుని సైకిలెక్కాను. ఆ రోజు తాళం వేశానో లేదో కూడా చూసుకోలేదు.

సగం దారిలో ఉన్నాడు. రోడ్డు పక్క ఇప్పచెట్టుకు జేరగిలబడి, కాళ్లు బార్లా చాపుకుని, సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నా సైకిలు చప్పుడుకి మొహం తిప్పాడు గానీ, చూపు నా మీదికి రాలేదు. నా పక్కన ఎక్కడికో పోయింది.

"ఎవరది?"

"నేనన్నా, కాంపౌండరుని."

"బాబూ! పొద్దుగూకిందా?"

నెత్తి మీద ఎండ మాడ్చేస్తోంది. సైకిలు పడేసి అతని పక్కన కూలబడ్డాను.

"చెప్పు బాబూ, పొద్దుగూకిందా?"

"లేదన్నా. ఇంకా ఎండగానే ఉంది."

నీళ్లు తాగించాను, మిగిలినవి తల మీద, కాళ్ల మీద పోశాను, చల్లబడితే తిరిగొస్తాయేమోనని. రెండు కాళ్లూ కదల్లేదు. తొడ మీద గిల్లాను. తెలియలేదన్నాడు. నేను ఏడుస్తున్నానని అతనికి కనబడకపోవడం ఆ క్షణంలో నాకు మేలే అనిపించింది. ఎంత సిగ్గులేని ఆలోచనో చూడండి.

"బండి తెస్తానన్నా, కదలకు."

"నేనేడికి కదుల్త బాబూ. ముందుగాల డాక్ తీస్కపో. బరిసె గూడ పట్టుకో. గజ్జెలు మోగకుంటే డాక్ వచ్చిందని ఎవరికి తెలుస్తది?"

సంచీ పట్టుకున్నాను. అతను వదల్లేదు. లాగాను. అయినా వదల్లేదు.

"అను," అన్నాడు.

నాకప్పుడు అర్థమైంది. "ముట్టింది," అన్నాను. అప్పుడు వదిలాడు.

ఒక చేత్తో బరిసె, ఒక చేత్తో సైకిలు. గతుకుల దారిలో గజ్జెలు ఎలా పడితే అలా మోగుతున్నాయి. ఊరి మొదట్లో నన్ను ఆ వేషంలో చూసి ఎవరో పకపకా నవ్వారు. అతని ఇల్లు వచ్చింది. గజ్జెలు విని ఆమె చెంబుతో బయటికి వచ్చింది. గడప మీద పెట్టబోతూ తలెత్తింది. నా చేతిలో బరిసె చూసింది.

"ఏడున్నడు?" అంది. అంతే. చెంబు కింద పెట్టలేదు, దాన్ని పట్టుకునే ఎర్రబోరు దారిన పరుగెత్తింది.

డాక్‌బాబు ఎడ్లబండి పంపాడు. వాళ్లిద్దరూ చీకటి పడకముందే ఇల్లు చేరారు.

తరువాతి వారాల సంగతి మీకు చెప్పను, మీకు తెలిసినవే. ఒంటేలు ఆగిపోవడం, నడుం కింద పుళ్లు, పూటపూటకీ పక్క మార్చడం. డాక్టరు వచ్చాడు. ఈసారి తాళంచెవి తీయలేదు. పుస్తకం తెరిచి, కాసేపు చదివి, మూసేశాడు. "ఇందులో ఇలా లేదు," అన్నాడు. మంచం మీది మనిషిని చూస్తూ నాతో అన్నాడు. "ఇక్కడ ఎలా నడుస్తుందో తెలియదని అప్పుడే చెప్పాను కదా." డాక్ మనిషికి హిందీ రాదు. ఆ మాట మా ఇద్దరి మధ్యే ఉండిపోయింది. నేను తల దించుకున్నాను. డాక్టరు అది దుఃఖం అనుకున్నాడు.

దొరసానికి ఎవరో చెప్పారట, ఆమె తన దగ్గరున్న రెండో చేతికర్ర పంపింది. మంచి కర్ర, నున్నగా నూనె రాసి ఉంది. దాన్ని వాళ్లు గుంజకు ఆనించి పెట్టారు. ఆమె ఆ తర్వాత కూడా ఎన్నో ఏళ్లు నడిచిందని విన్నాను.

నేను రిటైరయ్యే ముందు ఒక కుర్ర నరాల డాక్టరు దగ్గర ఈ సంగతి కదిపాను. మన ప్రాంతాల్లో ఈ జబ్బు వచ్చేవాళ్లు తక్కువేగానీ, వచ్చినవాళ్లలో కొందరికి కళ్ల మీద, వెన్నులోని నరం మీద ఒక్కసారిగా పడి చాలా గట్టిగా దెబ్బతీస్తుందని చెప్పాడు. అది అసలు ఒకే జబ్బేనా అని కూడా వాళ్లలో వాళ్లు వాదించుకుంటున్నారట. మా డాక్టరు చేతులు కడుక్కుంటూ అన్నది సరిగ్గా ఇదే కదా! ఆయనకు తెలియదన్న సంగతి ఆయనకు తెలుసు. దాన్ని మింగేసినవాణ్ణి నేను.

నాకాలో కూర్చుంటే ఆ కాళ్లు దక్కేవా? దక్కేవి కావు. ఏ మందూ లేని రోజులు. కానీ ఆ వెదురు గడ ఎత్తడానికి కాళ్లతో పనిలేదు. పోయిన చూపు కూడా ఎడమకంట్లో కొంత తిరిగొచ్చింది. నీడలో కూర్చుని ఆ నౌకరీ చేసుకునేవాడు, చెయ్యి ఆడకపోతే ఆమె పక్కన కూర్చుని గడ ఎత్తేది. అది లేక ఆమె శబరి దాటి పరాయి చేలల్లో కూలికి పోవాల్సి వచ్చింది. నాకాకు అతను ఒప్పుకునేవాడో లేదో నాకు తెలియదు. ఒప్పుకోవాలా వద్దా అని ఆలోచించుకునే వీలు అతనికి నేను ఇవ్వలేదు, అంతే.

మళ్లీ వానలు వచ్చాయి. రోజూ సాయంత్రం పుళ్లు కడగడానికి వెళ్లేవాణ్ణి. ఒకరోజు కట్టు మారుస్తుంటే ఆమె మంచం కాళ్ల దగ్గర కూర్చుని, "బాబూ, నీ రుణం మేమెట్ల తీర్చుకుంటం," అంది. ఇంక నావల్ల కాలేదు. గుడ్డ కింద పెట్టి మొత్తం చెప్పేశాను. డాక్టరు రెండు మాటలు చెప్పాడు, నేను ఒకటే చెప్పాను, అడిగితే అంతా చెప్పానని అబద్ధమాడాను.

ఆమె లేచి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. మళ్లీ నా మొహం చూడలేదు. ఆ రోజే కాదు, నాకు బదిలీ అయ్యేదాకా చూడలేదు.

అతను పైకప్పు వైపు చూస్తూ పడుకున్నాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"బాబూ," అన్నాడు చివరికి. "పదకొండేండ్లు డాక్ మోసిన. వాగులు దాటిన, ఎలుగుబంటి ఎదురొచ్చినా ఉరికిన. ఒక్క చీటీ జారలే. నువ్వు డాక్టర్ కాడి నుంచి నా బల్ల కాడికి ఒక్క మాట తేవాలె. గంతే గదా?"

కింద పెట్టిన గుడ్డ తీసి మడత పెట్టాను.

"సరే, ఇప్పుడియ్యి," అన్నాడు.

"ఏంటన్నా?"

"ఆ మాట. డాక్టర్ ఎట్ల చెప్పిండో అట్ల. ఏం తీయకు, ఏం కలపకు."

చెప్పాను. నేను చూసింది దొరసానిని ఒక్కదాన్నే, ఆమె పుట్టింది వేరే దేశంలో అన్నాడన్నాను. పుస్తకం రాసినవాళ్లు కూడా వాళ్ల జనాన్ని చూసే రాశారు అన్నాడన్నాను. ఈ నేల మీద, ఈ మనుషుల్లో ఇది ఎలా నడుస్తుందో నాకు తెలియదు అన్నాడన్నాను. కూర్చునే పని దొరికితే వదలొద్దని చెప్పమన్నాడన్నాను. ఇంచుమించు ఏడాది ఆలస్యంగా, ఒక్క అక్షరం పోకుండా.

అతను కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు. మంచం పట్టె మీద ఉన్న నా చేతి మీద చెయ్యి వేసి గట్టిగా పట్టుకున్నాడు.

"ముట్టింది బాబూ," అని వదిలేశాడు.